మూడు మడ్‌గార్డులూ ఎడమవైపువే

పేరు వేయొద్దంటూ ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. నాలుగు పేజీలు సామాన్ల జాబితాయే. మిగతా రెండు పేజీల సారం ఇది.

ఏడేళ్ల కిందట ఆయన 1949 నాటి షెవర్లే 3100 పికప్ ట్రక్కు కొన్నారు. ఇంజన్ పట్టేసి ఉంది. క్యాబిన్ నేల తుప్పు తిని జల్లెడైంది. కుడివైపు ముందు మడ్‌గార్డు అసలే లేదు. రెండేళ్లలో రోడ్డెక్కిస్తానని ఇంట్లో మాటిచ్చి, మొదటి ఏడాదే బండిని నట్టునట్టూ విప్పేశారు. అప్పట్నుంచి పోగేయడమే. తలుపుల కోసమని 1953 నాటి క్యాబిన్ మొత్తం తెచ్చారు. 1954 నాటి 235 ఇంజన్ (అంటే 235 ఘనపుటంగుళాలది) ఒకటి దొరికింది. రెండు రకాల బ్రేకు సెట్లు, ఒక 12 వోల్టుల సెల్ఫ్ మోటారు, మొదటి ఏడాదిలోనే కొన్న ఐదు కొత్త టైర్లు, అద్దాల రబ్బరు బీడింగు ఉన్నాయి. ముందు మడ్‌గార్డులు మూడున్నాయి, మూడూ ఎడమవైపువే. "కుడిదనుకునే కొన్నాను" అని రాశారు, రెండోసారీ మూడోసారీ కూడా.

కొడుకుకి అప్పుడు 9 ఏళ్లు. వైరు బ్రష్షు పట్టుకుని షెడ్డులోనే ఉండేవాడు. ఇప్పుడు 16, అటువైపు రావడం లేదు. మొన్న భార్య దుప్పట్లు సర్దుతుంటే అడుగున పాత తువ్వాల్లో చుట్టిన రోచెస్టర్ కార్బురేటర్ బయటపడింది. ఆ రకంలో అది మూడోది. ఆవిడ గొడవపడలేదు. దాన్ని తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, "దీన్నెక్కడ పెట్టమంటారు?" అని అడిగారట. "నా దగ్గర జవాబు లేకపోయింది. ఈమధ్య ఒకాయన 235 ఇంజన్ కొంటానని వెంటపడుతున్నారు. ఇవ్వనా? అసలు బండే వదిలేయనా? పూర్తిచేయాలంటే ఏ మూల మొదలుపెట్టాలి?" ఇవీ ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి జాబితా చదువుతుంటే నాకూ నోరూరిందని ఒప్పుకుంటాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. కొన్నాను, దొరికింది, తెచ్చాను అన్న మాటలు పేజీకి ఏ పదిసార్లో ఉన్నాయి. "బిగించాను" అన్న మాట ఆరు పేజీల్లోనూ ఒక్కచోటే ఉంది. అదీ బండికి కాదు, షెడ్డుకి కొత్త అర బిగించారట, సామాన్లు పెట్టుకోవడానికి.

ఎగతాళి చేయడం లేదండీ. పాత బండి పట్టుకున్నవాళ్లకి ఇది దాదాపు అందరికీ పట్టే జబ్బే. సామాను కొన్న రోజు పని ముందుకెళ్లినట్టే ఉంటుంది. చేతిలో బరువుంటుంది, కడిగితే మెరుస్తుంది. బిగించే రోజు అలా ఉండదు. బోల్టు విరుగుతుంది, కన్నం కలవదు, సాయంత్రానికి పొద్దున ఉన్నదానికంటే బండి అధ్వాన్నంగా కనిపిస్తుంది. ఏ మనిషైనా మొదటిదానికే మొగ్గుతాడు. కాకపోతే మీ విషయంలో దీని వెనక ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. ముందు దాని సంగతి చూద్దాం.

మీ షెడ్డులో ఉన్నది ఒక బండి కాదు. సగం సగంగా మూడు బండ్లున్నాయి. ఈ తరహా షెవర్లే ట్రక్కులు 1947 వేసవిలో మొదలై 1955 మార్చి దాకా వచ్చాయి. దూరం నుంచి చూస్తే ఎనిమిదేళ్లూ ఒకటే బండి. విప్పితే తెలుస్తుంది తేడా. 1950 దాకా హక్ అన్న రకం బ్రేకులు, 1951 నుంచి బెండిక్స్ రకం. తలుపులో మూల గాలి అద్దం 1951లో వచ్చింది. నొక్కుడు బటన్ పిడి 1952లో వచ్చింది. ముందు అద్దం 1953 దాకా రెండు ముక్కలు, 1954లో ఒకటే ముక్క. ముందు జాలీ కూడా ఆ ఏడాదే మారిపోయింది. ఇక ఇంజన్ల మధ్య తేడా చిన్నది కాదు. మీ బండితో వచ్చిన 216లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు బాబిట్ అనే మెత్తని లోహం పోతపోసినవి. రాడ్డు అడుగున చిన్న గరిటె లాంటిది ఉండి, తిరిగే ప్రతిసారీ నూనెలో మునిగి చిమ్ముకుంటుంది. 1954 నాటి 235లో బేరింగులు విడిగా మార్చుకునే రకం, నూనె పంపు ఒత్తిడితో రాడ్ల దాకా వెళుతుంది.

ఇప్పుడు మీ జాబితా మళ్లీ చూడండి. పక్కా 1949 బండి చేయాలంటే 1953 తలుపులు పనికిరావు, బెండిక్స్ బ్రేకులు పనికిరావు, 235 పనికిరాదు. నడుపుకునే బండి చేయాలంటే హక్ బ్రేకులు పనికిరావు, పట్టేసిన 216 పనికిరాదు. 12 వోల్టుల సెల్ఫ్ మోటారు రెండింటికీ పనికిరాదు. 1954 ఇంజన్ కూడా 6 వోల్టులదే, దాని ఫ్లైవీలుకి 139 పళ్లుంటాయి. 1955లో వచ్చిన 12 వోల్టుల ఫ్లైవీలుకి 168. ఆ మోటారు పళ్లు మీ ఫ్లైవీలుతో కలవవు. ఏ బండి చేస్తున్నారో తేల్చుకోలేదు కాబట్టి కనబడిన ప్రతి సామానూ అవసరమే అనిపించింది. మూడో కార్బురేటర్ దుప్పట్ల కిందికి చేరిన దారి అదే. దాన్ని ఎందుకు కొన్నారో మీకే తెలియదు కాబట్టి ఆవిడకి చెప్పలేకపోయారు. చెప్పగలిగితే దాచేవారు కాదు.

మీరు తేల్చుకోవాల్సింది "అమ్మాలా, ఉంచాలా" అని కాదు. ఇది ఏ బండి కావాలి, ఎవరు నడపాలి, ఎక్కడ నడపాలి అని. అది తేలితే అమ్మాల్సినవేవో వాటంతటవే తేలతాయి. నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను, వెళ్లాల్సింది మీరు.

పక్కా 1949 బండిగా నిలబెట్టడం ఒక దారి. అందమైన దారి, నిదానమైన దారి. 216 ముందు కదలాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పట్టు విడిపించే నూనె పోసి, వారాల తరబడి ఓపికపట్టి, క్రాంకుని రోజూ కొద్దికొద్దిగా ఇటూ అటూ ఆడించి చూడండి. బలం పెట్టి ఒక్కసారి తిప్పేస్తే పిస్టనో రాడ్డో పోతుంది. కదిలితే బేరింగుల పని. అరుగుదల కొద్దిగానే ఉంటే రాడ్డు మూతకి ఉన్న సన్నరేకులు ఒకటో రెండో తీసి సరిచేసుకోవచ్చు. ఎక్కువైతే బాబిట్ కొత్తగా పోయించాలి, అది తెలిసిన చేతులు ఇప్పుడు చాలా తక్కువ. ఇంత చేసినా అది గంటకు 70, 80 కిలోమీటర్ల దగ్గర హాయిగా తిరిగే బండి. వెనక ఇరుసు నిష్పత్తి 4.11, అంటే చక్రం ఒకసారి తిరగాలంటే దాన్ని తిప్పే షాఫ్టు 4.11 సార్లు తిరగాలి. వేగం పెంచితే ఇంజన్ మొత్తుకుంటుంది. ఉన్న ఇరుసు తీసి వేరేది వేద్దామంటే, ఆ షాఫ్టు మొత్తం గొట్టంలో మూసి ఉండే ఏర్పాటు కాబట్టి అదో పెద్ద పనవుతుంది. ఈ దారిలో వెళితే 235ని, 1953 క్యాబిన్‌ని అడుగుతున్నవాళ్లకి ఇచ్చేయండి. వచ్చిన డబ్బు 216కే పెట్టండి. కొడుకు లైసెన్సు తీసుకునేనాటికి బండి కదిలితే అదృష్టమే అనుకోవాలి.

రెండోది నడుపుకునే బండి. మీ జాబితా చూస్తే మీ చేతులు ఎటు వెళ్లాయో తెలుస్తోంది. మంచివి అనిపించిన సామాన్లన్నీ ఈ బండివే. 1954 ఇంజన్ ఇదే తరహా ట్రక్కులో, ఇదే మూసిన షాఫ్టుతో వచ్చింది కాబట్టి మీ చాసిస్‌లో పెద్ద కోతలు లేకుండా కూర్చుంటుంది. ముందుపక్క మౌంటింగ్ ప్లేటు దాంతో వచ్చిందో లేదో చూసుకోండి. ఫ్యానుకీ రేడియేటరుకీ మధ్య ఎడం బిగించకముందే కొలవండి. పాత మీటర్ల పెట్టెలో ఆయిల్ మీటరు 30 దగ్గర ఆగిపోతుంది, 235 ఒత్తిడికి ముల్లు చివరికి పోయి కూర్చుంటుంది. 60 దాకా చూపే మీటరు వెతకండి. ఇది మాత్రం నిజంగా కొనాల్సిన సామాను, నిశ్చింతగా కొనండి. బెండిక్స్ బ్రేకులు వెనక పలకలతో సహా మార్చండి. పాత బ్రేకు షూలు తీసేటప్పుడు గాలితో ఊదకండి, ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడి గుడ్డతో తుడిచి గుడ్డ పారేయండి.

6 వోల్టులు ఉంచాలా, 12కి మారాలా అని నాలుగో పేజీలో అడిగారు. నా ఓటు 6కే. అదే పనికి 6 వోల్టుల్లో రెట్టింపు కరెంటు పారాలి, కాబట్టి బ్యాటరీ తీగలు బొటనవేలంత లావుండాలి. చాలామంది మామూలు కారు తీగలు వేసి, బండి స్టార్ట్ కాక, 6 వోల్టులంటేనే దండగని తిడతారు. లావు తీగలు, శుభ్రంగా గీకిన ఎర్తు, కాలితో తొక్కే సెల్ఫ్ పెడలు ఉంటే అది ఎప్పుడూ పలుకుతుంది. 12కి మారితే బల్బులు, మీటర్లు, కాయిలు, వైపరు మోటారు ఉంటే అదీ, మళ్లీ ఒక జాబితా మొదలవుతుంది. మీకిప్పుడు కొత్త జాబితా మంచిది కాదు.

ఈ దారిలో పోగొట్టుకునేదీ ఉంది. అది 1949 బండి అని ఎవరితోనూ గట్టిగా అనలేరు. తెలిసినవాడు బోనెట్ ఎత్తగానే "ఇది 54ది కదూ" అంటాడు. ఆ మాట మిమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వదనుకుంటే మొదటి దారే మీది. నవ్వేసి "అవును, నడుస్తుంది కూడా" అనగలిగితే రెండోది.

ఏ దారైనా ఒక వరస తప్పదు. చాసిస్, బ్రేకులు, స్టీరింగు, ఇంజన్, పెట్రోలు టాంకు, వైరింగు, ఆ తర్వాతే రేకుపని, అన్నిటికంటే చివర రంగు. నేనొకసారి ఇది తలకిందులు చేశాను. పాత వ్యానొకదానికి తలుపులు విడిగా బల్లమీద పెట్టి, మెరిసేలా రంగేసి, గర్వంగా తీసుకెళ్లి తగిలిస్తే ఎడమది మూసుకోలేదు. కింద గుమ్మం రేకు వెల్డింగులో వేలెడంత వంగింది. సుత్తి పట్టుకుని నా రంగు నేనే పగలగొట్టుకున్నాను. అందుకే మీకు చెప్పేది, క్యాబిన్ నేల కోయకముందే తలుపులు తగిలించి, సందులు చూసి, గుమ్మాలకి అడ్డంగా ఇనుప కడ్డీలు టాకా వేయండి. నేల కోసేస్తే క్యాబిన్ గొడుగులా విచ్చుకుంటుంది. అప్పుడు ఏ ఏడాది తలుపైనా పట్టదు. 1953 తలుపులే వాడతానంటే తాళం, అది పట్టుకునే ముక్క కూడా వాటితో వచ్చినవే వేయండి. వీలైతే ఆ క్యాబిన్ మూలలూ నేలా బాగున్నాయేమో ముందు చూడండి. మీరు తలుపుల కోసం కొన్నారు గానీ, అసలు సరుకు ఆ నేలేమో.

అయితే క్యాబిన్ మార్చే ముందు కాగితాలు తీయండి. ఈ బండ్ల నంబరు పలక తలుపు కీలు పక్కన స్తంభానికి బిగించి ఉంటుంది. క్యాబిన్ మారితే నంబరు మారినట్టే. పలక ఊడదీసి ఇంకో క్యాబిన్‌కి కొట్టేయడం చాలాచోట్ల నేరం, చిన్న నేరమూ కాదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఏ నంబరుందో, రెండో క్యాబిన్‌కి మీ దగ్గర ఏ కాగితం ఉందో చూసుకుని, రవాణా శాఖవాళ్లని ముందే అడిగి మొదలుపెట్టండి. లేదంటే పాత క్యాబిన్ ఉంచి, కొత్తదాని నేల కోసి అతికించుకోవడం మేలు. పని ఎక్కువ, తలనొప్పి తక్కువ.

మూడో దారి వదిలేయడం. ఇందులో ఓటమేమీ లేదు, ఏడేళ్లు అన్న అంకె చూసి భయపడకండి. కానీ వదిలేసేట్టయితే ముందు 235ని విడిగా అమ్మకండి. ఇంజన్ పోయిన మరునాడు మీ షెడ్డులో మిగిలేది బండి కాదు, తుక్కు. అన్నీ కలిపి, జాబితాతో, ఫోటోలతో, ఒకే మనిషికి ఇవ్వండి. మీ నాలుగు పేజీలు అప్పుడు బంగారంలా పనికొస్తాయి. విడివిడిగా అమ్మితే మొత్తం మీద ఎక్కువే రావచ్చు, కాకపోతే ఆ అమ్మకం ఇంకో మూడేళ్లు సాగుతుంది, చివరికి ఎవరికీ అక్కర్లేని ఎడమ మడ్‌గార్డులు మిగులుతాయి.

ఇక నాలుగోది, ఇప్పుడు మీరు ఉన్నచోటే ఉండిపోవడం. ఇది ఖర్చులేని దారిలా కనిపిస్తుంది. ఒక్క పని చేయండి. ఈ సాయంత్రం ఒక టార్చి తీసుకుని ఆ ఐదు టైర్ల దగ్గరికెళ్లండి. పక్కగోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది, దాని చివర నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. 2216 అని ఉంటే 2016లో 22వ వారం తయారైందని అర్థం. మీరు కొన్ననాటికే అవి ఎన్నాళ్లుగా గోడౌన్లో ఉన్నాయో కూడా తెలిసిపోతుంది. పక్కగోడని బొటనవేలితో వంచి చూడండి, సన్నని పగుళ్లు కనిపిస్తే అవి రోడ్డుకి పనికిరావు. బండిని షెడ్డులో అటూ ఇటూ నెట్టడానికి పనికొస్తాయి, అంతే. బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్ కప్పులు, అద్దాల బీడింగు, రబ్బరు అన్నది ఏదైనా ఇంతే. ఇనుము మీకోసం ఆగుతుంది, రబ్బరు ఆగదు. కాబట్టి మిగతా సామాన్లు ఎప్పుడు కొన్నా రబ్బరు మాత్రం బిగించే నెలలోనే కొనండి. నిజంగా కొన్నాళ్లు ఆపాలనుకుంటే ఆపండి, దానికీ పద్ధతుంది. ఇంజన్ కన్నాలు మూసి, సిలిండర్లలో నూనె చిలకరించి, యంత్రం చెక్కిన ఉపరితలాలకి గ్రీజు పూసి, ప్రతి డబ్బా మీదా చీటీ అంటించి, ఫలానా నెల దాకా ముట్టనని ఇంట్లో చెప్పి తలుపేయండి. ఆ నెల దాకా కొనడమూ ఆపాలి, అదే కష్టం.

మీ ఆవిడ సంగతి. ఆవిడ బండిని వద్దన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎక్కడ పెట్టమంటారని అడిగారు. ఇది అక్షరాలా ప్రశ్నే, దెప్పిపొడుపు కాకపోవచ్చు కూడా. ఇంట్లో ఏది ఎంత చోటు తీసుకుంటుందో, ఎన్నాళ్లు తీసుకుంటుందో తెలిస్తే మనుషులు సర్దుకుంటారు. రోజూ ఒక జానెడు పెరిగేదానితో సర్దుకోవడం కష్టం. ఆవిడని షెడ్డులోకి తీసుకెళ్లండి. బండి చూపించడానికి కాదు, హద్దు గీయడానికి. ఈ గోడ దాకా నాది, ఇటు దాటి ఒక్క వాషరు కూడా రాదు అని చెప్పి, ఆ మాట మీద నిలబడండి. ఎంత ఖర్చయిందో కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ అంకె చూడగానే ఆవిడ ముఖం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. తువ్వాల్లో చుట్టినవి ఒక్కోటీ బయటపడటం కంటే ఒకేసారి అయిపోవడం నయం. అప్పుడు మాత్రం రెండేళ్లలో అయిపోతుందని మళ్లీ అనకండి. "వచ్చే నాలుగు నెలల్లో ముందు ఇరుసు, బ్రేకులు" అనండి. చూసి సరే అనడానికి వీలయ్యేంత చిన్న మాట చెప్పండి.

అబ్బాయి విషయంలో మీరు మరీ బాధపడుతున్నారనిపించింది. వాడి 9వ ఏట చేతికి వైరు బ్రష్షు ఇచ్చారు. తుప్పు గీకాడు, గీకిన ముక్క అరలోకి వెళ్లింది. మళ్లీ ఇంకో ముక్క గీకాడు, అదీ అరలోకే. ఏడాదిపాటు గీకిన ముక్కల్లో ఒక్కటైనా తిరిగి బండికి ఎక్కడం వాడు చూడలేదు. ఆ వయసులో అంతసేపు ఓపికపట్టాడంటే నాకు ముచ్చటేసింది. ఇప్పుడు బతిమాలకండి, నా తర్వాత ఇది నీదే అని పెద్ద మాటలూ చెప్పకండి. 235ని స్టాండు మీద పెట్టి పలికించే రోజున మాత్రం రెండు చేతులు చాలవు, సాయం అడగండి. డిస్ట్రిబ్యూటర్ మూతకి తీగలు వాడిని పెట్టమనండి. ఫైరింగ్ ఆర్డరు 1-5-3-6-2-4. ఒక తీగ తారుమారైతే కార్బురేటర్లోంచి టపాకాయలా పేలుతుంది. పేలనివ్వండి. 16 ఏళ్లవాడు ఏ తీగ తప్పో వెతక్కుండా ఉండలేడు. అయినా రాకపోతే, రాలేదు. వాడి ఇష్టాలు వాడికుంటాయి, ఆ లెక్కని బండి మీద వేయకండి.

235 అడుగుతున్న పెద్దమనిషికి నెల రోజులు గడువు చెప్పండి. నిజంగా కావాలంటే ఆగుతాడు. ఈ నెలలో ఒక్క సామానూ కొనకుండా, ఉన్నవాటిని మూడు కుప్పలు పెట్టండి. 1949 బండివి ఒక కుప్ప, నడిపే బండివి ఒకటి, రెండిటికీ కానివి ఒకటి. మూడో కుప్ప ఏ దారిలో వెళ్లినా అమ్మేదే, ఆ 12 వోల్టుల సెల్ఫ్‌తో సహా. కార్బురేటర్లలో ఒకటి బండికి, ఒకటి విడి భాగాలకి ఉంచుకోండి. బల్ల మీదిది ముందు కదలాలి. మొదటి రెండు కుప్పల్లో ఏది ముట్టుకుంటే చెయ్యి వెనక్కి రావడం లేదో మీకే తెలుస్తుంది.

ఉత్తరం చివర, మడిచిన అంచు మీద, కుడి మడ్‌గార్డు ఎక్కడైనా దొరుకుతుందా అని చిన్న అక్షరాలతో అడిగారు. చూశాను. దొరుకుతుంది, కానీ ఇప్పుడు చెప్పను. పెరట్లో పగటిపూట పది గజాలు తిరగడానికి దాంతో పనిలేదు, దానిలో ఉండే హెడ్‌లైటుతోనూ పనిలేదు. బ్రేకులు మాత్రం ఉండాలి. అవి బిగించి మళ్లీ రాయండి.